పసుపు రాసుకున్న లైట్ మీటరు

మా చిన్నప్పుడు... ఆయుధ పూజ నాడు పీట మీద అమ్మ కత్తిపీట, కుట్టు మిషను కత్తెర, నాయన స్క్రూడ్రైవర్లు వరుసగా పెట్టేవాళ్లం. ఆ ఏడు వాటి పక్కన తోలు సంచిలో ఒక లైట్ మీటరు కూడా కూర్చుంది...

అప్పుడు మేము యూసుఫ్‌గూడలో ఉండేవాళ్లం. మా నాయన యాదగిరి సినిమా కెమెరా అసిస్టెంటు. మీటరు కెమెరామెన్ గారిది, దాన్ని భద్రంగా ఉంచే పని నాయనది. అరచేతిలో ఇమిడిపోయేది. పైన సగం బంతిలా తెల్లటి మూత... దాని మీద పడిన వెలుతురును బట్టి లోపల ముల్లు కదిలేది. ముల్లు చెప్పినదాన్ని బట్టి కెమెరా కన్ను ఎంత తెరవాలో లెక్క చూసుకునేవారు.

"బొట్టు సంచికే పెట్టు బిడ్డా, లోపల ముట్టకు" అని చెప్పి నాయన స్నానానికి వెళ్లాడు.

నాకు మనసొప్పలేదు. దేవుణ్ణి వదిలేసి గుడి తలుపుకు బొట్టు పెట్టినట్టు అనిపించింది... సంచి విప్పి, ఆ తెల్ల మూతకు తడి పసుపు నిండుగా రాసి దండం పెట్టుకున్నాను. వెంటనే భయం వేసింది. నాయన వచ్చేలోపు తడిగుడ్డతో తుడిచేశాను. అంతా పోయిందనే అనుకున్నాను...

తర్వాత నాలుగు రోజులు జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద బంగళాలో షూటింగ్. కొన్నాళ్లకు మద్రాసు ల్యాబ్ నుంచి ప్రింటు వచ్చింది. ముఖాలన్నీ పిండి పూసినట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయట!

నాయన ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "మీటరు తప్పు చూపిస్తున్నదంట. నేనే కింద పడేసిన అంటున్నరు. సోమవారం పొద్దుగాల్ల తేల్చకపోతే ఇంకో అసిస్టెంటును పెట్టుకుంటరంట" అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆదివారం పొద్దున్నే వాకిట్లో చాప వేసుకుని కూర్చున్నాడు. మూతను అరచేత్తో పూర్తిగా మూశాడు... ముల్లు సున్నా మీదికే వచ్చింది. ముల్లు తప్పు కాదు. కొత్త బ్యాటరీ వేశాడు... తేడా లేదు. బ్యాటరీ తగిలే రేకులను నా రబ్బరుతో రుద్దాడు... అదీ కాదు.

మా వాడలోనే ఒక స్టిల్ ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. ఆయన దగ్గర అచ్చం అలాంటిదే మీటరు ఉంటే అడిగి తెచ్చాడు. ఎండలో రెండూ పక్కపక్కన పట్టాడు. మనది వెలుతురు తక్కువ చూపిస్తోంది. నీడలో పట్టినా అంతే తక్కువ! లేని చీకటిని ఉందని చెబితే, కెమెరా కన్ను ఎక్కువ తెరుస్తారు కదా... ముఖాలు పాలిపోయింది అందుకే.

అప్పుడు నాయనకు ఏం తోచిందో... రెండింటి మూతలు తీసి, ఇది దానికి, అది దీనికి పెట్టాడు. ఇప్పుడు ఫొటోగ్రాఫర్ మీటరు తక్కువ చూపించింది!

"దోషం మీటరుది కాదే, మూతది!" అని దాన్ని ఆకాశానికేసి పట్టాడు. "గిదేంది... జర పచ్చగున్నది?"

గడప దగ్గర నిలబడ్డ నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను. కొడతాడనుకున్నాను. నాయన మూతనే చూస్తూ, "కొత్త మూత మద్రాసు నుంచి రావాలె. రేపటికి ఏడికెల్లి తెస్త?" అన్నాడు.

అమ్మ వంటింట్లో నుంచే అంది, "పసుపు మరకకు మద్రాసెందుకయ్యా? చీర కొంగుకు అంటితే ఏం జేస్తం? సబ్బు పెట్టి ఎండకేస్తం. పసుపు ఎండకు నిలువదు."

సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి ఇత్తడి పళ్లెంలో డాబా మీద పెట్టారు. కాకి ఎత్తుకుపోకుండా నేనే కాపలా... దాన్ని తిప్పుతూ, ఆంజనేయ దండకం చదువుతూ పొద్దు వాలేదాకా కూర్చున్నాను. సాయంత్రం ఎండలోనే మళ్లీ రెండు మీటర్లూ పక్కపక్కన పట్టాడు నాయన. రెండు ముళ్లూ ఒక్క చోటే ఆగాయి!

"బ్యాటరీ పోయిందని చెప్పు, అయిపాయె" అంది అమ్మ. నాయన తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు నన్ను బడి మానిపించి, వెంటబెట్టుకుని ఫిల్మ్ నగర్ గుట్ట ఎక్కాడు. "మీటరు కింద పడలేదు సార్. తప్పు మా ఇంట్లనే జరిగింది. మా బిడ్డ పూజ జేసి దీనికి పసుపు రాసింది" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను నాయన చొక్కా అంచు పట్టుకుని తల వంచుకున్నాను.

కెమెరామెన్ గారు మీటరును ఎండలో పట్టి చూశారు. నన్ను చూశారు. "ఏంటమ్మా, పసుపు రాసి నా మీటరును పెళ్లికూతుర్ని చేశావా?" అని పకపకా నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "పడేశావన్నాను... ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను యాదగిరీ" అని, యూనిట్ అంతా చూస్తుండగా మీటరు తాడును నాయన మెడలో వేశారు.

ఆ క్షణం మా నాయన నాకు ఎంత ఎత్తుగా కనిపించాడో... ఆయన ఈ లోకంలో లేకపోయినా ఈ రోజుకీ అంతే ఎత్తు.

ఇప్పుడు ఫోనే వెలుతురు చూసుకుంటుంది. బొమ్మ బాగా రాకపోతే చెరిపేసి ఇంకొకటి తీస్తాం. తప్పు మా ఇంట్లోనే జరిగిందని చెప్పడానికి బిడ్డ చెయ్యి పట్టుకుని గుట్ట ఎక్కేవాళ్లు మాత్రం తగ్గిపోయారు...

భక్తితోనో ప్రేమతోనో మీరూ అమ్మానాన్నల పని వస్తువు ఏదైనా పాడుచేసే ఉంటారు. చెప్పండి మరి... ఈ సిగ్గు నా ఒక్కదానికేనా?