ఆరో అన్న కలిపిన చుట్టరికాలు

మా ఆరో అన్న థియెమ్‌కు ఒకటే జబ్బు. ఒక బండి ముక్క ఇంకో బండికి సరిపోతుందని అనుమానం వస్తే చాలు, ఆ రెంటినీ కలిపేదాకా ఆయనకు అన్నం సయించదు. మా కాలువల వైపు మనుషుల్ని పుట్టిన వరస అంకెతో పిలుస్తారు కనుక ఆయన ఆరో అన్న, నేను ఎనిమిదో తమ్ముణ్ణి. అంతేగాని ఒక తల్లి పిల్లలం కాము. ఆయన మోటారుసైకిళ్ల మెకానిక్ కొట్టు రేవు పక్కన ఉంటుంది.

ఆయన దృష్టిలో యాభై, డెబ్బై, తొంభై సీసీ బళ్లన్నీ బంధువులే.

"యాభైకి డెబ్బై ఏమవుతుంది అన్నా?"

"సొంత అక్క. బ్రేకు షూలు ఒకళ్లవి ఒకళ్లు వేసుకోవచ్చు."

"మరి తొంభై?"

"పినతల్లి కూతురు. కార్బొరేటర్ ఇస్తుంది గానీ కాస్త మూతి ముడుస్తుంది. ఓ వాషరు పెట్టి బుజ్జగించాలి."

ఇటుకబట్టీ తాత పోయినప్పుడు అందరం అగరొత్తులు పట్టుకుని వంగి దండం పెట్టాం. అందరూ లేచినా ఆరో అన్న లేవలేదు. ఎంత భక్తి అనుకుని నేను కళ్లు తుడుచుకుంటుంటే, పక్కనుంచి గుసగుసగా అన్నాడు: "ఎనిమిదీ, పెద్దల్లుడి బండి వెనక షాకబ్జర్లు చూడు. అవి డెబ్బైవి. ఎవరు కలిపారో గానీ చెయ్యి మంచిది."

ఇక ఆయన సొంత బండి సంగతి. ట్యాంకు ఎర్రన, మడ్‌గార్డు పచ్చన, సీటు ఏ జాతిదో దేవుడికే తెలియాలి. పదకొండు సార్లు తంతేగాని దగ్గదు, దగ్గాక గాని కదలదు. ఓసారి పోలీసాయన ఆపి ఇది ఏ మోడలని అడిగాడు. "ఏ చివర నుంచి చెప్పమంటారు అయ్యా?" అన్నాడు ఆరో అన్న. ఆ మాట ఊరంతా తిప్పి చెప్పి నవ్వించినవాణ్ణి నేనే.

"నాకు సరిపడే మోడలు ఇంకోటి దొరకలేదు కాబట్టి నన్నింకా మార్చలేదు," అంటుంది హన్ వదిన ఉయ్యాల మంచంలో ఊగుతూ.

నా జబ్బు ఇంతకంటే చెడ్డది. మా నాన్న కొన్న యాభై నాది. అందులో పరాయి ముక్క ఒక్కటి కూడా లేదని, అంతా ఒరిజినలని నా గర్వం. తెల్లవారుజామున గుళ్లో బుద్ధుడి ముందు మోకరిల్లి మమకారమే దుఃఖానికి మూలమని జపం చేసేవాణ్ణి. బయటికి రాగానే చొక్కా కొసతో మడ్‌గార్డు తుడిచేవాణ్ణి. తరవాత గుడి వంటశాలలో కాచిన గంజి రెండు బిందెల నిండా బండికి కట్టుకుని జిల్లా ఆసుపత్రికి పోవడం నా పని. అక్కడ రోగులు గిన్నెలు, డబ్బాలు పట్టుకుని నాకోసం చూస్తుంటారు.

బండి మొరాయించినప్పుడల్లా కొట్టు దగ్గర ఇదే భాగోతం.

"క్లచ్ ప్లేట్లు అరిగాయి తమ్ముడూ. డెబ్బైవి వేస్తే గంటలో పరిగెడుతుంది."

"నా బండిలో పరాయి ముక్కా? ఒరిజినల్ తెప్పించు."

"సైగాన్ నుంచి రావాలి. ఇరవై రోజులు."

"తెప్పించు."

ఆయన తల గోక్కునేవాడు. "సరే, ఎదురుగా వెళ్లి ఐసు కాఫీ తాగిరా. కొట్లో ఉందేమో చూస్తా."

నేను కాఫీ తాగి, అక్కడున్న ఇద్దరికి ఒరిజినల్ గొప్పతనం చెప్పి వచ్చేసరికి బండి సిద్ధం.

"దొరికిందా?"

"నీ అదృష్టం. నిన్ననే ఒకటి వచ్చింది."

"ఎంత?"

"ఒరిజినల్ ఈమధ్య చవక. నాకూ ఓ కాఫీ ఇప్పించు."

పదకొండేళ్లు ఇలా అదృష్టం నా వెంటే ఉంది. నా జపానికి ఫలమనుకున్నాను. "ఒరిజినలే చవగ్గా దొరుకుతుంటే మీకీ కలగలుపు బళ్లెందుకు?" అని ఆయన కొట్లోనే ఆయన బేరగాళ్లకు హితబోధ చేశాను. ఆరో అన్న పళ్ల మధ్య స్పానరు పట్టుకుని నట్టు వెతుక్కున్నాడు.

ఆ ఏడు గుడి వంటశాలలో పెద్ద కొప్పెర అడుగు ఊడింది. చిన్న కుండల్లో కాస్తే గంజి చాలదు. చివరి వార్డుకు చేరేసరికి బిందెలో గరిటె శబ్దమే మిగిలేది. అక్కడ ఒక తాత రోజూ ఖాళీ గిన్నె చూసుకుని, "రేపు వస్తుందిలే నాయనా," అని నన్నే ఓదార్చేవాడు. అది భరించలేక బండి అమ్మి కొప్పెర కొందామని తీర్మానించాను. ఒరిజినల్ బళ్లు కోరి కొనే ఆసామి సైగాన్‌లో ఉన్నాడు. నా త్యాగం సంగతి గుళ్లో ఎంతో అణకువగా చెప్పాను, మూడుసార్లు.

ఆసామి వచ్చాడు. తెల్ల గ్లౌజులు తొడుక్కుని బండి చుట్టూ తిరిగాడు.

"కార్బొరేటర్ తొంభైది. పళ్లచక్రం డెబ్బైది. సీటూ డెబ్బైదే. ఈ క్లచ్ ఎవరిదో నేనెరగను. ఇందులో ఒరిజినల్ ఏముంది బాబాయ్?"

"ఫ్రేము..." అన్నాను.

"ఫ్రేమూ, మీరూ." కొబ్బరినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

అదే బండి మీద కొట్టుకు పోయాను. ఒక్క తాపుకే స్టార్టయి అది నన్ను మరీ మండించింది.

"పదకొండేళ్లు నాకు అబద్ధం చెప్పావా అన్నా?"

"చెప్పాను."

"ఎందుకు?"

ఆయన కిరోసిన్‌తో చేతులు కడుక్కుంటూ, "గంజి ఒక్కరోజైనా ఆలస్యమైందా?" అన్నాడు.

గుర్తు చేసుకున్నాను. వరదల్లో కూడా కాలేదు.

"ఇరవై రోజులు నువ్వు ఒరిజినల్ కోసం కూర్చుంటే వాళ్లేం తాగేవాళ్లు? నీకు నచ్చజెప్పడం నావల్ల కాలేదు. బండికి నచ్చజెప్పాను."

ఉయ్యాల మంచంలోంచి వదిన లేచి కూర్చుంది. "ఆ డెబ్బై ముక్కలు ఎక్కణ్ణించి వచ్చాయో కూడా అడుగు. మా పెళ్లినాటికి ఈయన బండి అచ్చమైన డెబ్బై. మంచివన్నీ విప్పి నీకు పెట్టి, చెత్తంతా తనదానికి బిగించుకున్నాడు. నువ్వు కూర్చునే సీటు మీదే నేను కాపరానికొచ్చాను తమ్ముడూ."

నేను చప్పున సీటు దిగాను. ఆ పదకొండు తన్నులూ ఎవరికి పడవలసినవో అర్థమైంది.

"కొప్పెర మాట పోయింది కదన్నా," అన్నాను, తల ఎత్తకుండా.

"గుడి పొయ్యి మొన్ననే కొలిచాను. మా బావమరిది దగ్గర ఒకటుంది. మీ పాతదానికి సొంత మేనత్త."

"మీ బావమరిది బియ్యపు సారా కదా కాచేది?"

"మానేశాడు. కడుగుతాలే."

బూడిదతో, నిమ్మచెక్కలతో మూడు రోజులు తోమాడు. నాలుగో రోజు గుడికి తెస్తే, వంటశాల చూసే ముసలి భిక్షుణి అమ్మ అందులోకి వంగి వాసన చూసింది. చాలాసేపు లేవలేదు.

"ఇందులో ఏం వండేవారు నాయనా?"

"బియ్యమే అమ్మా," అన్నాడు ఆరో అన్న.

ఆమె ఆయన మొహం చూసింది, నా మొహం చూసింది. "దాని పూర్వజన్మ మనకెందుకు. పొయ్యి అంటించండి," అంది.

మర్నాడు గంజి చివరి వార్డుదాకా వచ్చింది. ఆ తాత గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, మళ్లీ గిన్నె చాచాడు.

"ఇవాళ గంజి ఏదో హుషారుగా ఉందయ్యా. ఏం కలిపారు?"

"ఏం లేదు తాతా, అంతా ఒరిజినలే," అని గరిటెడు పోసి, గబగబా పక్క మంచం దగ్గరికి జరిగాను.