ఒడ్డు కాచిన మామ

గురువారం ఉదయం నేను పాఠాలు చెప్పే బడిలో ప్రార్థన జరుగుతుండగా అత్త ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు ఆమె ఎన్నడూ చెయ్యదు. పిల్లల వరసల మధ్య నుంచి పక్కకు వచ్చి ఎత్తాను. "మీ మామ పోయినాడమ్మా" అంది. అంతే. ఆమె వెనక ఆసుపత్రి వరండాలో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు. అత్త ఏడవలేదు, ఫోనూ పెట్టెయ్యలేదు. కాసేపు ఇద్దరం ఆ పిలుపులే విన్నాం.

ఆయన నాకు రక్తబంధువు కాదు. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు గోడ పక్క ఇల్లు వాళ్ళది. వాళ్ళు చేపల వేటకు పోయే పల్లెకారులు, గంగమ్మకు పొంగళ్ళు పెట్టుకునేవాళ్ళు. మేము చర్చికి పోయేవాళ్ళం. మా ఆయన ఆ ఇంటివాళ్ళను మామా, అత్తా అని పిలిచేవాడు కాబట్టి నేనూ అట్లాగే పిలిచాను. మైపాడుకు ఉత్తరంగా, బస్సు ఆగే చివరి ఊరు మాది. రోడ్డు మా ఇళ్ళ ముందు నుంచి తిన్నగా పోయి ఇసకలో కలిసిపోతుంది. మైపాడు ఒడ్డున జనం ఎక్కువైతే నెల్లూరువాళ్ళు కొందరు ఆదివారాలు మా ఒడ్డుకు వస్తారు. పులిహోర గిన్నెలు, బంతులు, పిల్లలు. దూరం నుంచి చూస్తే మా సముద్రం మెత్తగా కనిపిస్తుంది. అల విరిగి వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసకను కూడా లాక్కుపోతుందని దిగినవాళ్ళకు గానీ తెలియదు.

మొదట జరిగినది నేను కళ్ళారా చూడలేదు, అత్త చెప్పగా విన్నాను. ఆ రోజు మామ వేటకు పోకుండా బోటు నీడన కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడట. టౌను నుంచి వచ్చిన ఒక కుటుంబంలో ముగ్గురు ఆడపిల్లలు, అక్కచెల్లెళ్ళ పిల్లలు, చేతులు పట్టుకుని అలల్లో ఎగురుతున్నారు. ఒక పెద్ద అల వచ్చింది. మామ వల వదిలేసి పరుగెత్తి ఇద్దరిని తెచ్చాడు. మూడో పిల్ల, అందరిలోకి పెద్దది, ఆయనకు దొరకలేదు.

నేను చూసింది ఆ తర్వాతి ఆదివారం. ఉతికిన లుంగీ కట్టుకుని, భుజాన తుండుగుడ్డ వేసుకుని, మామ నీళ్ళ అంచున నిలబడి ఉన్నాడు. పొద్దు వాలేదాకా అట్లాగే ఉన్నాడు. ఎవరైనా మొలలోతు దాటి పోతే చెయ్యి ఊపి పిలిచేవాడు. మొక్కు ఏదైనా మొక్కుకున్నాడేమో అని అత్త అనుకుంది. సాయంత్రం ఇంటి ముందు కాళ్ళు కడుక్కుంటుంటే నేనే అడిగాను, ఎందుకు మామా అని.

"ఎవరన్నా ఉండాల గదా అమ్మాయ్" అన్నాడు.

ఆ ఒక్క మాట తప్ప ఆ పనికి ఆయన ఎప్పుడూ కారణం చెప్పలేదు. తర్వాత్తర్వాత ఆదివారం వేటకు పోని మగవాళ్ళు కొందరు ఆయనతో కలిశారు. పొడుగాటి తాడు ఒకటి, గాలి నింపిన లారీ ట్యూబులు తెచ్చుకున్నారు. ఆ గుంపుకు పేరు లేదు, బ్యానరు లేదు. ఒకసారి ఎవరో పెద్దమనుషులు శాలువా కప్పడానికి కారులో వచ్చారు. ఆయన వాళ్ళకు వీపు చూపించి నిలబడే కప్పించుకున్నాడు. నీళ్ళమీద నుంచి చూపు తిప్పలేదు. ఫోటో కోసం ఇటు తిరగమంటే, "మీరే ఇటు రండయ్యా" అన్నాడు. ముందు నిలబడాలంటే బూట్లు తడుస్తాయి కదా, వాళ్ళు రాలేదు.

నన్ను ఆ పనిలోకి పిలిచింది కూడా ఆయనే. ఒక ఆదివారం నేను చర్చి నుంచి వస్తుంటే గోడ దగ్గర ఆపాడు. ఆ మాట చెప్పడానికి చాలాసేపు తటపటాయించాడు.

"మీ ఆడోళ్ళు ఒకరిద్దరు వచ్చి నిలబడితే బాగుంటాది అమ్మాయ్. నీళ్ళలో నించి లాగిన ఆడబిడ్డకి కప్పేదానికి మా కాడ ఏముంది, ఈ తుండుగుడ్డ తప్ప. పానం నిలిచినాక ఆ బిడ్డ ముందు చూసుకునేది తన గుడ్డలే."

అప్పటిదాకా అది మాకెవరికీ తోచలేదు. చర్చిలో అడిగితే ఆడవాళ్ళు పాత చీరలు, దుప్పట్లు ఇచ్చారు. ఆరాధన అయ్యాక ఆ మూట తీసుకుని నేనూ, ఇంకో ఇద్దరూ ఒడ్డుకు పోయేవాళ్ళం. లాగి తెచ్చిన మనిషి చుట్టూ చీరలు పట్టుకుని మేము నిలబడితే, మగవాళ్ళు మారు మాట లేకుండా అవతలికి తిరిగేవారు. మామ అసలే తిరిగి ఉండేవాడు. ఇంకా నీళ్ళలో ఎవరున్నారో చూస్తూ.

ఎదురుగా నిలబడి ఆయనతో మాట్లాడిన గుర్తు నాకు తక్కువ. ఆదివారాలు పక్కన నిలబడి, ఆయన చూసేవైపే చూస్తూ మాట్లాడాలి. చెప్పినా వినరని మాలో ఎవరైనా విసుక్కుంటే, "వినకపోతే మళ్ళా చెప్పు. నోరు నొప్పి పుడితే మంచినీళ్ళు తాగి చెప్పు" అనేవాడు. తిట్టనిచ్చేవాడు కాదు. తిడితే రోషానికి పోయి ఇంకాస్త లోపలికి పోతారని ఆయన భయం. సముద్రాన్ని కూడా ఎవరినీ తిట్టనివ్వలేదు. "అది మంచిదీ గాదు, చెడ్డదీ గాదు. దానికి మనం కనపడం, అంతే" అన్నాడు ఒకసారి.

అంత ఓపికగా చెప్పినా వినని పిల్లలు ఒక ఎండాకాలం వచ్చారు. కాలేజీ పిల్లలు, పరీక్షలు అయిపోయిన ఉత్సాహంలో ఉన్నారు. మామ చాలాసార్లు పిలిచాడు. నువ్వెవరు మాకు చెప్పేదానికి అని ఒకడు ఎదురు తిరిగాడు కూడా. వాళ్ళలో అందరికన్నా నెమ్మదైన పిల్లవాడు, అంచునే నిలబడి ఫోటోలు తీస్తున్నవాడు, స్నేహితులు రమ్మంటే చివరగా దిగాడు. వాడినే నీళ్ళు లాక్కుపోయాయి. మామ తాడు నడుముకు కట్టుకుని పోయాడు. అప్పటికే ఆయనకు వయసు మీద పడింది, షుగరు కూడా ఉంది. మగవాళ్ళు తాడు పట్టి వెనక్కి లాగేసరికి ఆయన నోటి నిండా ఉప్పునీళ్ళు, చేతులు ఖాళీ.

మర్నాడు పొద్దున పిల్లవాడు ఒడ్డుకు కొట్టుకువచ్చాడు. ఆ మాట తెలిసి నేను పోయేసరికి ఊరి జనం మూగి ఉన్నారు, సగంమంది చేతుల్లో సెల్‌ఫోన్లు. మామ పక్కన కూర్చుని కాకులను తోలుతున్నాడు. తన తుండుగుడ్డ ఆ బిడ్డ ముఖం మీద కప్పి ఉంది. ఎవరో గుడ్డ తియ్యమని అడిగారు. ఆయన గొంతు పెంచలేదు.

"ఈ బిడ్డ తల్లి ఇంకా చూడలేదు. మీరు ముందు చూడబాకండి" అన్నాడు.

ఫోన్లు దిగాయి. ఒక్కొక్కరే వెనక్కి పోయారు. ఆ తల్లి వచ్చేదాకా మామ ఎండలోంచి లేవలేదు.

ఆ తర్వాత జరిగినది చెప్పడానికి మనసు రాదు. పిల్లవాడి బంధువొకాయన మా మగవాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. ఇంతమంది తాడు పట్టుకుని నిలబడి ఏం చేస్తున్నారని, చూస్తూ చంపేశారని. పోలీసులు వివరాల కోసం పదే పదే స్టేషనుకు పిలిపించారు. వేట పోగొట్టుకుని పొద్దంతా బల్ల మీద కూర్చోవాల్సి వచ్చేది. మంచికి పోతే చెడు ఎదురైందని ఇళ్ళలో ఆడవాళ్ళు గొణిగారు. మెల్లగా ఒక్కొక్కరే ఆదివారాలు రావడం మానేశారు. మామ ఎవరినీ బతిమాలలేదు. ఆ బంధువు మాటలు తలుచుకుని మేము బాధపడితే, బిడ్డ పోయినోళ్ళ నోట వచ్చే మాట లెక్కలోకి తీసుకోబాకండి అన్నాడు. తాడు రెండో కొస పట్టుకునేవాళ్ళు లేకపోతే దాన్ని బోటుకు కట్టి నిలబడేవాడు.

వానాకాలం ముగిసే రోజుల్లో ఒక ఆదివారం బస్సు దిగి ఒకాయన ఒంటరిగా ఒడ్డుకు వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో ఏమీ లేదు. గాలి విసురుగా ఉంది, నీళ్ళలో ఎవరూ లేరు. నేను మామకు టీ పట్టుకొచ్చి అక్కడే నిలబడి ఉన్నాను. ఆయన మామ పక్కన నిలబడి చాలాసేపు సముద్రాన్ని చూశాడు. తర్వాత తానే చెప్పుకున్నాడు. ఆ పిల్లవాడి తండ్రి. మెట్ట ప్రాంతం నుంచి వచ్చాడు. కొడుకు శవం కోసం వచ్చేదాకా సముద్రం చూసి ఎరగడట.

"మావాడు పిలిచినాడా అయ్యా?" అని అడిగాడు.

మామ టీ గ్లాసు ఇసకలో పెట్టాడు. నేను పక్కకు పోదామనుకున్నాను, పోలేదు.

"పిలిచినాడు. నాకు వినపడింది. పోయినాను. చెయ్యి అందలేదు."

"ఎవరిని పిలిచినాడు?"

"అమ్మను."

ఆయన తల ఊపాడు. "చిన్నప్పట్నించీ అంతే" అన్నాడు.

ఆ పూటంతా ఇద్దరూ ఇసకలో కూర్చున్నారు. నేను ఇంకో టీ తెచ్చి ఇస్తే ఆయన తీసుకున్నాడు గానీ, తాగలేదు. సాయంత్రం బస్సు హారను వినిపించాక లేచి, మామ భుజం మీద కాసేపు చెయ్యి ఉంచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. మామ ఆయనకు చెప్పినది నిజంగా జరిగిందేనా అని నేను అడగలేదు. అడగవలసిన ప్రశ్న అని నాకు ఎన్నడూ అనిపించలేదు.

చివరికి మామను పడగొట్టింది సముద్రం కాదు. ఎవరో తాగి ఇసకలో విసిరేసిన సీసా. పోయిన ఏడాది ఒక ఆదివారం ఎవరినో వెనక్కి పిలుస్తూ నడుస్తుంటే అరికాల్లో గాజుపెంకు దిగింది. ఉప్పునీళ్ళు తగిలితే అదే మానుతుందన్నాడు. పుండు మానలేదు. షుగరు మనిషికి పుండంటే ఏమిటో మాకు తెలిసేసరికి పాదం నల్లబడింది. నెల్లూరు ఆసుపత్రిలో మోకాలి కిందికి తీసేశారు. ఆ సీసా పారేసినవాడి చేతులు పడిపోవాలని అత్త శాపనార్థాలు పెడుతుంటే మంచం మీద నుంచి ఆపాడు. "వాడు నా కాలి కోసమని పారేసినాడా ఏంది. ఊరుకో" అన్నాడు.

ఇంటికి తెచ్చాక కొన్ని ఆదివారాలు ప్లాస్టిక్ కుర్చీలో ఒడ్డుకు మోయించుకుపోయాడు. కుర్చీ కాళ్ళు ఇసకలో దిగబడకుండా కింద పలక వేసేవాళ్ళం. అట్లాంటి ఒక రోజున నీళ్ళలో కేక వినిపించింది. ఉన్న ఒకరిద్దరు మగవాళ్ళూ ట్యూబు తీసుకుని దూకారు. అందరం అటే చూస్తున్నాం. ఎందుకో నేను పక్కకు చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. మామ ముందుకు పడి, ఇసకలో మోచేతుల మీద పాకుతున్నాడు. లుంగీ తొలగి, కట్టుకట్టిన మోకాలు బయటపడింది. నేను పరుగెత్తి చేతులు పట్టుకోబోయాను.

"నన్ను చూడబాక. ఆడ చూడు" అన్నాడు.

ఆ రోజు నీళ్ళలో ఉన్న మనిషి బతికాడు. మామ మాత్రం ఆ తర్వాత ఒడ్డుకు రాలేదు. తీసుకుపోతామన్నా వద్దన్నాడు. కూర్చుని చూసేదానికైతే టీవీ ఉందిలే అన్నాడు. ఆ మాటలో నవ్వు ఉందేమోనని ముఖంలో వెతికాను, లేదు. ఆదివారం సాయంత్రాలు నేను వాళ్ళ గడప దగ్గరికి పోతే అడిగేది ఒకటే. "అందరూ ఇండ్లకి పోయినారా?" పోయారు మామా అంటే కళ్ళు మూసుకునేవాడు. ఒక ఆదివారం ఆ మాట చెప్పలేకపోయాను. ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయాను. ఆయన పైకప్పు వైపు చూస్తూ, "ఆడబిడ్డా, మగబిడ్డా?" అని అడిగాడు. చెప్పాను. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదని పొద్దున అత్త చెప్పింది. తర్వాత కొన్నాళ్ళకే రెండో కాలికీ పుండు లేచింది. ఈసారి ఆసుపత్రి నుంచి కుర్చీలో మోసుకురావడానికి కూడా మాకు ఆయన మిగల్లేదు.

గురువారం మధ్యాహ్నం వ్యానులో తెచ్చారు. సముద్రం మీద నుంచి గాలి వీస్తోంది, ఇంటి ముందు వేసిన షామియానా టపటప కొట్టుకుంటోంది. మా పాస్టరు గారు వచ్చి, ఏ ప్రార్థనా చెయ్యకుండా అందరితో పాటు పాడె వెనక నడిచారు. ఊరి మగవాళ్ళంతా వచ్చారు. ఆదివారాలు ఒడ్డుకు రావడం మానుకున్నవాళ్ళు కూడా, తలలు వంచుకుని.

మొన్న ఆదివారం మా ఒడ్డున ఎవరూ నిలబడలేదు. వాళ్ళవాళ్ళంతా మైలలో ఉన్నారు, నేను అత్త దగ్గరే ఉన్నాను. బస్సులు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి, జనం ఎప్పటిలాగే దిగి మా ముందు నుంచి సముద్రానికి పోయారు. ఆ కేకలు, నవ్వులు పొద్దంతా వినిపిస్తూనే ఉన్నాయి. ఒక్కో కేకకు అత్త తల ఎత్తి, మళ్ళీ దించుకునేది.

పొద్దు వాలుతుండగా ఒక కుటుంబం ఒడ్డు నుంచి నడిచి వచ్చింది. భార్యాభర్తలు, ఒక ముసలమ్మ, ఇద్దరు పిల్లలు. అందరూ తడిసి ముద్దయి ఉన్నారు. ఆటో కోసం చూస్తూ మా షామియానా కిందికి వచ్చి నిలబడ్డారు. ఏదైనా ఫంక్షనా అండీ అని ఆ తల్లి అడిగింది. నేను ఏదో చెప్పబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"కూసోండమ్మా, ఆటో వస్తాది" అంది. లోపలికి పోయి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ముసలమ్మకు ఇచ్చింది.

వాళ్ళు తాగారు. చిన్నపిల్ల చలికి పళ్ళు టకటకలాడిస్తూ నవ్వింది. ఆటో వచ్చింది, ఒకరి మీద ఒకరు ఇరుక్కుని కూర్చున్నారు, పోయారు. అలికిన వాకిలి మీద వాళ్ళ తడి అడుగులు మిగిలాయి, పెద్దవీ చిన్నవీ. అత్త అరుగు మీద కూర్చుని, అవి ఆరిపోయేదాకా వాటినే చూస్తూ ఉండిపోయింది.