నీటికుక్క మీద వేసిన నింద

ధర్మపురికి దిగువన గోదావరి బ్యాక్‌వాటర్‌లో లంగరు వేసిన తెరచాప పడవలో ఏడాదిగా కాపురముంటున్నాను. తెరచాప ఎత్తింది రెండుసార్లే. మిగతా రోజుల్లో దాని తాళ్ల మీద లుంగీలు ఆరేస్తున్నాను. గాలి మారితే పడవ లంగరు చుట్టూ తిరుగుతుంది, పప్పు సగం ఉడికేసరికి పొయ్యి ఆరిపోతుంది. ఈ స్వేచ్ఛా జీవితంలో నాకు దొరికిన స్నేహితుడు పక్కనే వల కట్టే జాలరి, నాకంటే పెద్దవాడు.

"గింత పడవ ఎందుకే తమ్మీ, బట్టలకు దండెం సాలదా?" అంటూనే రోజూ రెండు చేపలు ఇచ్చేవాడు.

ఒక పొద్దున ఈదురుగాలికి నా లంగరు జారి ఆయన వలను నిలువునా చించింది. ఆయన వచ్చి అడిగితే, చేపల కోసం నీటికుక్క చింపుతుంటే కళ్లారా చూశానన్నాను.

"నువ్వు చూసినవంటే చూసినట్టే," అన్నాడు.

నీటికుక్కకు భయపడి నెల రోజులు తెప్ప మీద తెడ్డు వేసుకుంటూ అవతలి ఒడ్డుకు పోయి వల కట్టాడు. నేను ఆయన చేపలు తింటూ, నీటికుక్కల దుర్మార్గం గురించి మరో నాలుగు ముక్కలు కలిపి చెప్పాను.

భుజం నొప్పితో ఆయన తెడ్డు పట్టలేని రోజున నిజం ఒప్పుకున్నాను.

"నీటికుక్క ఆకలికి చింపుతది తమ్మీ. నువ్వు అబద్ధం దేనికి ఆడినవ్?"

భుజం నొప్పి తగ్గిన రోజున ఆయన నా పడవెక్కి, లంగరు తనే పైకి లాగి, వలలకు దూరంగా బురద మడుగులోకి పడవను నెట్టుకుపోయాడు. ఇప్పుడు అక్కడే ఉంటున్నాను. ఆయన వల మళ్లీ పాత చోటుకు వచ్చింది. నేను కేకేస్తే చెయ్యి ఊపుతాడు గానీ, తెప్పను ఇటు తిప్పడు.