మా ఫిడేలు, వాళ్ల ఫిడిల్

మా ఇంట్లో ఫిడేలు అనేవాళ్లం. అమెరికాలో, మేముండే ఆర్కన్సా రాష్ట్రంలో మాకు తెలిసిన రెండు మూడు తెలుగు కుటుంబాలవాళ్లు మాత్రం వయొలిన్ అనేవారు. ఆ మాట కొంచెం నాజూకుగా ఉంటుందని కాబోలు. అమ్మకి ఆ నాజూకుతనం పట్టేది కాదు. తన గురువుగారు ఫిడేలన్నారు, తనూ ఫిడేలనే నాకు నేర్పింది. నాన్న ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో డాక్టరు. ఆ ఊళ్లో సాయంత్రాలు చేయడానికి వేరే పనేమీ ఉండేది కాదు గనుక నేను బాగానే నేర్చుకున్నాను.

డెబ్భైల చివర్లో ఒక వేసవిలో కౌంటీ ఫెయిర్‌కి, అంటే అక్కడి తిరణాలకి వెళ్లాం. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. క్లాసులో కూర్చుంటే కిటికీవైపే చూపు, ఇంటికొస్తే వాకిలివైపే చూపు. ఫెయిర్‌లో ఒక బ్యాండ్ పాడుతోంది. పాటల్లో పొలాలూ ట్రక్కులూ విడిపోయిన మొగుడూ పెళ్లాలూ అన్నీ ఉన్నాయి గానీ, డ్రమ్ముల నడక మాత్రం రేడియోలో వచ్చే పాప్ పాటలది. పాడే ఆవిడా, గిటార్ వాయిస్తున్న తన తమ్ముడూ గొంతులు కలిపితే ఎవరిది ఏదో తెలిసేది కాదు. రెండు పాటల మధ్య ఆవిడ మైకులో, మా ఫిడిల్ వాయించేవాడు టెక్సస్ పోయాడు, మీలో ఎవరైనా వాయిస్తారా అని సరదాకి అడిగింది. నేను చెయ్యెత్తాను. ఫిడిల్, ఫిడేలు ఒకటే అనుకున్నాను మరి. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని కిందికి లాగింది గానీ అప్పటికే ఆవిడ చూసేసింది, మర్నాడు వాయించి చూపించడానికి రమ్మంది.

మర్నాడు వాళ్ల గరాజ్‌లో నేను నేలమీద బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తల పాదం మీద ఆన్చుకుని, పాట శ్రుతి అడిగి తీగలు స-ప-స-ప కట్టుకుంటుంటే అందరూ వాయిద్యాలు ఆపి చూశారు. వాళ్ల ఫిడిల్ గడ్డం కింద పెట్టుకునేది, నిలబడి వాయించేది, దాని తీగల శ్రుతి ఏ పాటకైనా ఒకేలా ఉండేది. సిగ్గుతో చచ్చిపోయాను. లేచి పోదామనుకుంటుండగా స్టీల్ గిటార్ వాయించే పెద్దాయన దగ్గరికొచ్చి, ఈ శ్రుతి నీకు ఏ కొండల్లోవాళ్లు నేర్పారని అడిగాడు. మా పక్కనే ఉన్న ఓజార్క్ కొండల్లో ఆయన తాత సరిగ్గా అలాగే కట్టుకునేవాడట. మా అమ్మ ఆ కొండలకి ఇంకొంచెం అవతలి మనిషి అని చెప్పాను. ఆయన నమ్మాడు. చాలాకాలం నమ్మాడు కూడా.

ఆయన గిటార్ అడ్డంగా బల్లలా ఉండేది, దాని తీగల మీద ఇనుప కడ్డీ జారిస్తే స్వరం ఏడుస్తూ పైకి పాకేది. నా గమకం దాని పక్కన చేరితే రెండూ అక్కాచెల్లెళ్లలా ఉండేవి. అదే మా బ్యాండ్ బాణీ అయింది. గొంతుల్లో పాప్ తీపి, వెనక మేమిద్దరం జారుతూ. నాకోసం స్టేజీమీద ఒక చెక్క అరుగు, దానిమీద రగ్గు వేశారు. ప్రతి పాటకీ నేను తీగలు మళ్లీ కట్టుకునేదాకా పాడే ఆవిడ జనంతో కబుర్లు చెప్పేది. ఆ కబుర్లు వినడానికే కొందరు వచ్చేవారు.

కాలేజీ మానేశాను. నాన్న చాలా రోజులు మాట్లాడలేదు. రెండేళ్లు వ్యాన్‌లో తిరిగాం. ఓక్లహోమా, మిస్సోరి, టెన్నెసీ. ఒక ఊళ్లో దిగగానే తర్వాతి ఊరు ఎప్పుడా అని నా ప్రాణం కొట్టుకునేది. దారిలో పెట్రోలు పోయించడానికి ఆగినా విసుగే. వాయిస్తున్నప్పుడు తప్ప నాకు నిలకడ లేదు. ఆ అరుగుమీద ఉన్నంతసేపే ఒళ్లు కుదురుగా ఉండేది. అందుకే ఆ చోటు పోతే నేనేమైపోతానో అని లోపల ఒకటే బెంగ.

ఎనభైలు మొదలవుతుండగా కంట్రీ పాటలకి పుట్టిల్లులాంటి నాష్‌విల్‌లో రికార్డు చేసే అవకాశం వచ్చింది. అప్పుడు ఆ పల్లె పాటలన్నీ పట్నం బట్టలు కట్టుకుంటున్నాయి. కొన్నేళ్లకి పాత బాణీ మళ్లీ వచ్చింది లెండి, కానీ మాకు దొరికింది ఆ పట్నం రోజులే. ప్రొడ్యూసర్ మర్యాదస్తుడు. పాట చివరి పల్లవిలో అందరూ ఒక మెట్టు పైకెక్కాలన్నాడు, అలా శ్రుతి ఎత్తితేనే రేడియోలో వినేవాళ్ల గుండె లేస్తుందన్నాడు. అందరూ ఎక్కారు. నేను ఎక్కలేకపోయాను. పాట మధ్యలో శ్రుతి మారడం నేను పుట్టి ఎరగను. చేతులు పాత సా దగ్గరికే పోతున్నాయి. కొత్త సా ఉన్నచోట నాకు తీగ లేదు. ఎన్నిసార్లు వాయించినా అదే వరస.

చివరికి ఆయన, పల్లవి పైకెక్కేదాకా నువ్వు వాయించు, అక్కణ్ణుంచి నాకు ఫిడిల్ వద్దు, వయొలిన్లు కావాలి అన్నాడు. వయొలిన్లు వాయించేవాళ్లెవరూ రాలేదు. ఒక కుర్రవాడు కీబోర్డు మీద వేళ్లు ఆనిస్తే గదినిండా వయొలిన్లు వినిపించాయి.

ఆ పాట రేడియోలో బాగానే తిరిగింది. పెద్ద ఊళ్లు, పెద్ద స్టేజీలు వచ్చాయి. కీబోర్డు కుర్రవాడు మాతోబాటే వచ్చేశాడు. ప్రతి ప్రదర్శనలోనూ పాట పైకెక్కగానే నేను విల్లు ఒళ్లో పెట్టుకుని, జనం లేచి చప్పట్లు కొడుతుంటే చూస్తూ కూర్చోవాలి. అరికాళ్లు మండేవి. ఒకరోజు మోటెల్ నుంచి అమ్మకి ఫోన్ చేసి, నీ స-ప-స-ప వల్ల నా బతుకు ఇలా అయిందని కసురుకున్నాను. అమ్మ ఏమీ నొచ్చుకోలేదు.

"శ్రుతి తప్పొద్దన్నాను గానీ, శ్రుతి మార్చొద్దని ఎప్పుడన్నానే? తీగలు వాళ్లలాగే ట్యూన్ చేసుకో. నిలబడి ప్రాక్టీస్ చెయ్యి."

అంత తేలిగ్గా వదిలేస్తుందనుకోలేదు. తను పోట్లాడి ఉంటే బాగుండేదని కూడా అనిపించింది. ఆ చలికాలమంతా మోటెల్ గదుల్లో నిలబడి, గడ్డం కింద ఫిడేలు ఇరికించుకుని నేర్చుకున్నాను. మెడ పట్టేసేది. వేళ్లు జారబోతే నేనే ఆపేదాన్ని. వసంతం వచ్చేసరికి పాట ఎటు ఎక్కితే అటు ఎక్కగలిగాను. స్టేజీమీద అరుగు తీసేశారు. తీగలు కట్టుకునే పని లేదు గనుక పాడే ఆవిడ కబుర్లూ పోయాయి. మొదటిసారి చివరి పల్లవి అందరితో కలిసి ఎక్కినరోజు నా సంతోషం ఇంతా అంతా కాదు. పెద్దాయన మాత్రం స్టీల్ గిటార్ తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఆ వేసవిలోనే మిస్సోరిలో ఒక ఫెయిర్. మధ్యాహ్నం ఎండలో స్టేజీ వెనక ట్రైలర్ నీడకి నన్ను పిలిచింది పాడే ఆవిడ. రెండో రికార్డులో ఫిడిల్ ఉండదట. ఈ నెలాఖరు తర్వాత ప్రదర్శనల్లోనూ అక్కర్లేదట. ప్రొడ్యూసర్ మాటేనా అని అడిగాను. కాదు, తన మాటేనంది. ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు, అదే నా ఖర్మ.

"నువ్విప్పుడు ఎక్కడా తప్పు వాయించడం లేదు. కానీ నా వెనక వాయిస్తున్నది నువ్వేనని నాకు తెలియడం లేదు. ఇదివరకు తిరిగి చూడకుండానే తెలిసేది."

నేను మారింది మీకోసమే కదా అన్నాను. అవును అంది. నన్ను దగ్గరికి తీసుకోబోతే వెనక్కి జరిగాను. నెలాఖరుదాకా ఎందుకు, ఇవాళే మానేస్తానన్నాను. ఆవిడ వద్దనలేదు.

పోదామంటే పోవడానికి కారు లేదు. వ్యాన్ తాళాలు ఆవిడ తమ్ముడి దగ్గరున్నాయి. ఫిడేలు పెట్టె పట్టుకుని జనంలోకి వెళ్లి నిలబడ్డాను. పక్కన ఒక కుటుంబం మొక్కజొన్న పొత్తులు తింటోంది. అన్నేళ్లూ వెనకుండి వాయించినదాన్ని, ఆ మొదటి ఫెయిర్ తర్వాత మా బ్యాండ్‌ని ఎదురుగా నిలబడి వినడం మళ్లీ అప్పుడే. బాగున్నారు. నిజంగానే బాగున్నారు. నేను వాయించాల్సిన చోట్లన్నీ కీబోర్డు నింపేసింది. చివరి పల్లవికి అందరూ ఒక మెట్టు పైకెక్కారు. పక్కనున్న కుటుంబం చేతులు తుడుచుకుని లేచి చప్పట్లు కొట్టింది. ఏదో తక్కువైందని ఎవరి మొహంలోనైనా కనిపిస్తుందేమోనని ఒక్కొక్కళ్లనీ చూశాను. ఎవరి మొహంలోనూ లేదు. వేళ్లు పెట్టె పిడిమీద వాటంతటవే పాత గమకంలా జారుతున్నాయి, ఆపుదామన్నా ఆగడం లేదు.