ఇంజనీరును వేడుకోవడానికి తగిన మాట

నావంటి మూర్ఖుణ్ణి కూడా సహించి, ఇంతకాలం తన దయలో దాచిన దేవునికి స్తోత్రం. ఆయన సహనం ఎంత గొప్పదో తెలియాలంటే నా ఇంగ్లీషు పాండిత్యం కథ ఒక్కటి చాలు. నవ్వాలనిపించిన చోట నవ్వండి. చివర మాత్రం ఒక మనిషి ప్రాణం ఉంది, ముందే చెబుతున్నాను.

డొంకరాయిలో డ్యామ్ కడుతున్న రోజులవి. నేను స్టోర్సులో గుమాస్తాను. వయసు ఇరవై మూడు, జ్ఞానం అందులో సగం. రేకుల షెడ్డులో ప్రార్థనకు కూడే మా సంఘంలో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. సెలవు చీటీ రాసినా అందరూ చుట్టూ నిలబడి, కోడి గుడ్డు పెడుతుంటే చూసినట్టు చూసేవారు. ఆ చూపులకు నా మెడ రోజుకో అంగుళం సాగింది. తలగడంత డిక్షనరీ ఒకటి ఉండేది నాకు. అందులో ప్రతి మాటకూ నలుగురైదుగురు అన్నదమ్ములుంటారు కదా, వాళ్ళలో పెద్దవాడెవరో తేల్చడమే నా వినోదం.

ఒక ఉదయం ఏడున్నరకు తాపీమేస్త్రి ఏసోబన్న వచ్చాడు. ఆయన భార్య దానమ్మగారికి తెల్లవారుజాము నుంచి విడవని కడుపునొప్పి. ఆదివారం మాకు పాట ఎత్తి ఇచ్చేది ఆవిడే. కాంపౌండరు చూసి, తన వల్ల కాదు, వెంటనే సీలేరు ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాడట. మధ్యాహ్నం దాకా బస్సు లేదు. ఇంజనీరుగారి జీపు తొమ్మిదికి సీలేరు వెళుతోంది.

"నువ్వొచ్చి ఒక్క మాట అడుగు బాబూ," అన్నాడు.

ఆఫీసరును నోటితో అడగడమా? అర్జీ ఉండాలి. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మొదట 'రిక్వెస్ట్' అని రాశాను. చప్పగా ఉంది, రెండు రోజుల సెలవుకూ అదే మాట. కొట్టేశాను. 'బెగ్' అన్నాను. విశ్వాసి బిచ్చమెత్తడమేమిటని అదీ కొట్టేశాను. అర్జీల్లో 'ప్రే' అని రాసే ఆచారం ఉంది. అక్కడ నా భక్తి అడ్డం పడింది. ప్రార్థించవలసింది దేవుణ్ణి గాని, ప్యాంటు తొడుక్కున్న ఇంజనీరునా? ఆ ఒక్క మాట గురించి కళ్ళు మూసుకుని దేవుని చిత్తం కోసం కనిపెట్టుకుని కూర్చున్నాను. దేవుడేమన్నాడో గాని, నాకు 'ఇంప్లోర్' అని వినిపించింది. డిక్షనరీ తీస్తే అందులో కాస్త ఏడుపు కలిసి ఉందట. గుమాస్తా ఏడవవచ్చునా అని మళ్ళీ ఆలోచన.

ఏసోబన్న గుమ్మం వదల్లేదు. "ఏ మాటైతే ఏటి బాబూ?"

"వాటి మధ్య చాలా దూరం ఉందన్నా."

"ఆటి మద్దిన దూరం నాకు తెల్దు. సీలేరు మాత్రం దూరం. బేగి కానీ."

చివరికి 'బిసీచ్' దొరికింది. ఇంగ్లీషు లేఖనాల్లో అపొస్తలులు సంఘాలను బతిమాలిన మాట. కొట్టివేతలున్న కాగితం ఇస్తే మర్యాద కాదని కొత్త కాగితం మీద గుండ్రంగా దించాను. పరుగెత్తి ఇంజనీరుగారి బంగళా చేరేసరికి జీపు లేదు. దుమ్ము మాత్రం ఇంకా దిగలేదు.

దానమ్మగారిని నులకమంచం మీద రోడ్డుదాకా మోసుకెళ్ళాం. సిమెంటు లారీ దొరికేసరికి పన్నెండు దాటింది. సీలేరులో డాక్టరుగారు చూసి, "పొద్దున్నే తెచ్చి ఉంటే" అని ఆగిపోయారు. మర్నాడు దానమ్మగారు ప్రభువునందు నిద్రించారు.

సమాధి కార్యక్రమానికి ఇంజనీరుగారూ వచ్చారు. ఎందుకో తెలియదు, జేబులోని అర్జీ తీసి ఆయన చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివారు.

"ఇది రాయడానికి ఎంతసేపు పట్టింది?"

"గంటన్నర, సార్."

"మాది విజయనగరమయ్యా. ఆ గంటన్నరా నేను వరండాలో కాఫీ తాగుతూ కూర్చున్నాను. తెలుగులో ఒక్క కేక వేస్తే జీపు ఆవిడ గుమ్మంలోకే వచ్చేది కదా."

ఏసోబన్న నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సిలువకు కొట్టే చెక్క తెచ్చి, రంగూ కుంచే నా చేతికే ఇచ్చాడు. ఏం రాయమంటావన్నా అని భయపడుతూ అడిగాను.

"దాని పేరు రాయి బాబూ. పేరుకైతే ఇంకో మాట ఎతకక్కర్లేదు గదా."

మూడే అక్షరాలు. నిమిషం పట్టలేదు.

కాబట్టి దేవుని సన్నిధిలో, మీ అందరి ఎదుట, మిక్కిలి గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: గుమ్మంలో మనిషి కష్టంతో నిలబడి ఉండగా ఇకమీదట కలం మూత తీయను. ముందు చెప్పులు వేసుకుంటాను. కనబడకపోతే వాటినీ వెతకను.

చదువుతున్న మీరు ఏసోబన్న కోసం, నా కోసం ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. మంచి మాట కోసం ఆగకండి. నోటికి మొదట ఏది వస్తే దానితోనే.