ముప్పై తొమ్మిదో ఫొటో

యాభై రెండేళ్ల వయసులో నేను ఫిల్ము కెమెరా కొన్నాను. ఎందుకని అడిగినవాళ్లకు తలా ఒక జవాబు చెప్పాను. అసలు సంగతి, నా భార్య పోయాక నేను సినిమా హాల్లో కూర్చోలేకపోయాను. పాతికేళ్లకు పైగా ఇద్దరం నెలకు రెండు సినిమాలైనా చూసేవాళ్లం. మొదట్లో ఆమె ఊరైన బోధన్‌లో, తర్వాత నా ఉద్యోగం నిజామాబాద్‌కు మారాక ఇక్కడ. ఆమె కథ చూసేది. నేను వెలుగు ఎటునుంచి పడుతోందో చూసేవాణ్ని. ఇంటికి వచ్చే దారిలో కథ ఆమె నాకు చెప్పేది. ఆమె పోయాక ఒంటరిగా ఒకసారి వెళ్లి, ఇంటర్వెల్‌కే లేచి వచ్చేశాను.

కెమెరా పాతది, బ్యాటరీ అక్కర్లేనిది. పాడేవాళ్లను తీయడం మొదలుపెట్టాను. భజనలు, దర్గాలో కవ్వాలీలు, వర్నిలో ఒకసారి పెళ్లి బ్యాండు. మాట్లాడే మనిషి కెమెరాను మరిచిపోడు, పాడే మనిషి మరిచిపోతాడు. పైగా వాళ్లతో నేను మాట్లాడాల్సిన పని ఉండదు. నేను కాలేజీలో లైబ్రేరియన్‌ని. మాటలు తక్కువగా ఉండే చోటు నాకు అలవాటు. మా ఊళ్లో ఇప్పుడు ఫిల్ము కడిగేవాళ్లు లేరు. రీలును కొరియర్‌లో హైదరాబాద్ పంపితే వారం పది రోజులకు ఫొటోలు వచ్చేవి. ఆ ఆలస్యం నాకు నచ్చేది.

రుద్రూర్ దగ్గరి ఒక ఊళ్లో చిందు యక్షగానం ఆడే మేళం ఉంది. దాని పెద్దకు డెబ్బై దగ్గర పడ్డాయి. రాజు వేషం ఆయనదే, ముఖ్యమైన పాటలన్నీ ఆయనవే. రెండు ఆటల్లో ఆయన్ని ఫొటోలు తీశాక ఇంటికి పిలిచే చనువు వచ్చింది. ఒకరోజు వాళ్ల వాకిట్లో కూర్చుని ఉండగా అడిగాడు.

"సార్, సర్కారిచ్చే కళాకారుల కార్డుకు అర్జీ పెడుతున్న. వేషం మీద పాడుతుంటె తీసిన ఫొటో కావాలంటున్నరు. పక్కన మేళం గూడ కనవడాలెనట. మీరు తీసినయన్ని ఉత్త మొహం ఫొటోలాయె. ఇన్నేండ్లు ఆడిన, అసుంటిది నా తాన ఒక్కటి లేదు."

ఆయన కోడలు చాయ్ ఇస్తూ అంది. "నేను ఫోన్ల తీస్త తియ్ మామ. గదెంత పని?"

"ఫోన్ ఫొటో ఎందుకమ్మా, నేనున్న గద" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో నాకు తెలుసు. నా ఫొటోలు ఎవరికైనా పనికిరావడం అదే మొదటిసారి.

ఆట ఆ ఊరి అమ్మవారి పండుగకు, మధ్యాహ్నం మూడింటికి. చెరుకు కొట్టేసిన చేను పక్కన షామియానా వేశారు. మంచి ఎండ. నేను ముందు వరసలో నేలమీద కూర్చుని తీస్తున్నాను. నా రీలులో ముప్పై ఆరు ఫొటోలు పడతాయి. అవి అయిపోతే ఫిల్మును ముందుకు జరిపే మీట బిగుసుకుని ఆగిపోతుంది. ఆగాలి. నేను ఒకటి నొక్కి మీట తిప్పాను, తిరిగింది. ఇంకోటి నొక్కాను, మళ్లీ తిరిగింది. కెమెరా పైన అంకె చూస్తే ముప్పై తొమ్మిది.

అప్పుడు ఎడమవైపు గుండీ గుర్తొచ్చింది. ఫిల్ము సరిగ్గా ఎక్కి ఉంటే మీట తిప్పినప్పుడల్లా ఆ గుండీ కూడా కొంచెం తిరుగుతుంది. చూస్తూ మీట తిప్పాను. గుండీ కదలలేదు. అంటే ఫిల్ము కొస చక్రానికి పట్టుకోలేదు. ముప్పై తొమ్మిది సార్లూ నేను ఫిల్ము ముందుకు జరగని కెమెరాను నొక్కానన్నమాట. లేదా మధ్యలో ఎక్కడో జారిందేమో. వెనక తలుపు తెరిచి చూస్తే తెలుస్తుంది, కానీ నిజంగా ఏమైనా పడి ఉంటే ఆ ఎండకు పోతాయి. తెరవకుండానే, ఆ గుండీని కొంచెం వెనక్కి తిప్పి బిగువు చూస్తే తెలుస్తుందని తర్వాత చదివాను. ఆ రోజు తెలియదు.

ఆయన చివరి పాట ఇంకా మిగిలి ఉంది. నా దగ్గర ఇంకో రీలు లేదు. జేబులోంచి ఫోన్ తీశాను. అది ఒక్క ఫొటో కూడా తీయనంది. జాగా నిండిపోయింది, ఏవైనా తీసేయమంది. తెరిచాను. అన్నీ ఆసుపత్రివి. రిపోర్టులు, చీటీలు, సెలైన్ సీసాలో నీళ్లు ఎంతవరకు దిగాయో నర్సుకు చూపించడానికి తీసినవి, నిద్రపోతున్న నా భార్య చెయ్యి. ఆమె పోయాక ఆ ఫోన్‌తో నేను ఫొటో తీయలేదు, లోపల ఏమున్నాయో చూడలేదు. మాత్రల పట్టీ ఫొటో ఒకటి తీసేస్తే సరిపోయేది. ఉత్త మాత్రల పట్టీ. దాని మీద వేలు పెట్టాను. అదీ తీసేయలేకపోయాను. ఫోన్ జేబులో పెట్టేశాను.

పక్కనున్న ఎవరినైనా తీయమని అడగొచ్చు. అడిగితే నా కెమెరా సంగతి చెప్పాలి. ఆయన కిరీటం సర్దుకుని ముందుకొచ్చి, నా వైపే తిరిగి పాట ఎత్తుకున్నాడు. నేను కెమెరా కంటికి ఆనించి నొక్కుతూనే ఉన్నాను. నలభై ఒకటి, నలభై రెండు. ఆ తర్వాత అంకె చూడలేదు.

ఆట అయ్యాక కొబ్బరినూనెతో మొహం రంగు తుడుచుకుంటూ అడిగాడు.

"మంచిగ వచ్చినయా సార్?"

"వచ్చినయన్నా" అన్నాను.

రీలును తిరిగి చుట్టి, ఏదో ఒకటి పడి ఉంటుందని మర్నాడే పంపాను. ఆ రోజుల్లో ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాణ్ని. అర్జీకి చివరి రోజు శుక్రవారం. మంగళవారం హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, మీ రీలు ఖాళీ ఉంది. ఎక్కించేటప్పుడే జారింది. ఒక్కటి గూడ లేదు."

బుధవారం పొద్దున స్కూటర్ మీద బయల్దేరాను. దారిపొడవునా చెరుకు ట్రాక్టర్లు. వాటి వెనక మెల్లగా పోతూ, ఆయనకు చెప్పాల్సిన మాటలు పేర్చుకున్నాను. ఫిల్ము తయారీ బాగాలేదని చెప్పొచ్చు. కొరియర్‌లో పోయిందని చెప్పొచ్చు. వాకిట్లోకి వెళ్లేసరికి ఆయన నన్ను చూసి మంచం వాల్చాడు.

"ఫొటోలు రాలేదన్నా."

"ఎప్పుడొస్తయి మరి?"

"రావు. ఒక్కటి గూడ పడలే. నాకు ఆ రోజే అనుమానమొచ్చింది. అయినా నీతోని వచ్చినయని చెప్పిన."

ఆయన తలకు చుట్టిన తువ్వాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. కోడలే ముందు మాట్లాడింది.

"నేను తీస్తనంటె ఫోన్ ఫొటో ఎందుకన్నడు సారు. గంత పెద్ద కెమెర మెడకు ఏసుకొని!"

"నువ్వు ఊకో పిల్లా." ఆయన నావైపు తిరిగాడు. "గా రోజు నేను మీ దిక్కే సూసుకుంట పాడిన సార్. ఎనుక జనం లొల్లి వెట్టిండ్రు, ఈన మా దిక్కు సూస్తలేడని."

ఊళ్లోవాళ్ల ఫోన్లలో ఏమైనా ఉన్నాయేమోనని కోడలు బయటికి వెళ్లి అరగంటకు తిరిగొచ్చింది. వీడియోలు ఉన్నాయి. అన్నీ హాస్యగాడివే.

"మళ్ల వేషం కడుత" అన్నాడు ఆయన. "మేళం యాడుంది గని. ఇద్దరు చెరుకు కొట్టుడుకు పోయిండ్రు. హార్మోనియమాయన ఇంటికాన్నే ఉన్నడు. తాళానికి మనిషి లేడు." నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మీరు పట్టున్రి సార్."

"నాకు రాదన్నా."

"కెమెరనే సక్కగ పట్టరాలే, తాళమేం పడ్తడు మామా?" అంది కోడలు.

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కానీ ఆయన ఇచ్చిన పంచె కట్టుకున్నాను.

హార్మోనియమాయన వచ్చాడు. పెద్దాయన రంగు పూసుకుని, కిరీటం పెట్టి, గోడ ముందు నిలబడ్డాడు. పక్కన నేను కళ్లద్దాలతోనే తాళాలు పట్టుకుని కూర్చున్నాను. కోడలు ఫోన్ ఎత్తి, "నోరు తెర్వు మామ, సాలు" అంది. ఉత్తగా నోరు తెరవడం తనతో కాదని ఆయన నిజంగానే పాట ఎత్తుకున్నాడు. మధ్యలో ఆపలేదు. నేను తప్పినప్పుడల్లా తొడ మీద చరిచి దెబ్బ ఎక్కడ పడాలో చూపించాడు. ఆ పాట ఎంతసేపు సాగిందో చెప్పలేను. నేను ఆయన చెయ్యి తప్ప ఇంకేమీ చూడలేదు. కోడలు తొమ్మిది ఫొటోలు తీసింది. అన్నీ స్పష్టంగా వచ్చాయి. వేటిలోనూ వెలుగు బాగాలేదు, ఆ సంగతి నేను అనలేదు.

బోధన్‌లో ప్రింటు తీయించాము. గురువారం నిజామాబాద్ ఆఫీసులో ఇద్దరం వరసలో నిలబడ్డాము. గుమాస్తా ఫొటో తీసుకుని, నన్ను చూసి, మళ్లీ ఫొటో చూశాడు.

"ఈ అద్దాలాయన ఎవరు?"

పెద్దాయన తడుముకోలేదు.

"మా తాళమాయన. కొత్తగ సేరిండు, ఇంకా నేర్సుకుంటున్నడు."

గుమాస్తా ఫొటోను అర్జీకి పిన్ను కొట్టాడు. "కమిటీ ముంగట ఆడి సూపియ్యాలె. పిలుస్తరు. ఫొటోల ఉన్నోళ్లంత రావాలె, మీరు గూడ సార్."

ఎప్పుడు పిలుస్తారో చెప్పలేదు. ఆయన కార్డు ఇప్పుడు నా చేతుల మీద ఆధారపడి ఉంది. అది తలుచుకుంటే లైబ్రరీలో పుస్తకం మీద చూపు నిలవడం లేదు. తాళాలు ఇంటికి తెచ్చుకున్నాను. పొద్దున ఆరింటికి ఆయన ఫోన్ చేస్తాడు. నేను ఫోన్‌ను బల్ల మీద పెట్టి, తాళాలు చేతికి తీసుకుంటాను. మొన్నటి సంగతి, ఆయన గొంతు సవరించుకోగానే కొట్టడం మొదలుపెట్టాను.

"ఆగున్రి సార్" అన్నాడు. "నేనింక పాటనే ఎత్తలే."