కొండ లేని దీవి

దుర్గారావు ఫోన్లో దీవుల ఫొటోలు చూపిస్తుంటే కన్నబాబు అడిగిన మొదటి మాట: "కొండేది బావా?"

"మాల్దీవుల్లో కొండేటి? ఇసకా నీళ్ళూ. అంతే."

"కొండ నేకపోతే ఇంటికెలాగొత్తావ్?"

దుర్గారావు పడీ పడీ నవ్వాడు. విశాఖ పెద జాలారిపేటలో ఇద్దరూ ఒకే తెప్ప మీద ఎదిగారు. కన్నబాబు చెల్లెల్ని చేసుకుని బావ అయ్యాడు. కొన్నేళ్ళుగా మాల్దీవుల్లో ఒక గెస్ట్‌హౌస్ పడవ నడుపుతున్నాడు. వాళ్ళ యజమానికి ఇంకో ఆలుమగల జంట కావాలట. మగమనిషి టూరిస్టుల్ని చేపల వేటకి తిప్పాలి, ఆడమనిషి వంటింట్లో చెయ్యాలి. మాలే నగరం పక్కన ఒక గెస్ట్‌హౌస్, దూరంగా చిన్న దీవిలో ఇంకొకటి. అసలు వస్తారా, వస్తే ఎక్కడుంటారు? దుర్గారావు తిరిగెళ్ళేలోగా చెప్పాలి.

కన్నబాబు భార్య గంగాలమ్మ పూర్ణా మార్కెట్లో చేపలమ్మే మనిషి, ఏదీ నాన్చదు. "నీ కొండని కౌగిలించుకుని నువ్వుండు. నాను అన్నయ్యతో ఎల్పోతాను," అనేసింది.

జన్మభూమి, గంగమ్మతల్లి అంటూ ఉపన్యాసాలిచ్చేవాళ్ళకి కన్నబాబు ఇబ్బంది అర్థం కాదు. అది పనికి సంబంధించింది. తండ్రి సింహాద్రి అతనికిచ్చిన ఆస్తి నీళ్ళ కింద ఉంది: చేపలు గుమిగూడే ఒక రాళ్ళ దిబ్బ. దానికి దారి చెప్పాల్సింది కొండలే. కైలాసగిరి భుజం మీద, వెనకాల సింహాచలం కొండ నొక్కు వచ్చి కూర్చోవాలి. దక్షిణాన దీపస్తంభం డాల్ఫిన్ నోస్ కొండ అంచుకి జరగాలి. రెండూ కుదిరిన చోట గాలం వెయ్యాలి. ఈ సంగతి బావకి కూడా చెప్పకూడదని తండ్రి మాట. చిన్నప్పుడు తండ్రి కన్నబాబు వెనక నిలబడి, రెండు చెవులూ పట్టుకుని తల తిప్పేవాడు. "అటు సూడు. ఇప్పుడిటు సూడు. ఏటి కనబడతాంది?" ఆ చేతులు చుట్ట వాసనేసేవి. తప్పు చెబితే చెవి నలిగేది. ఒప్పు చెబితే చద్దన్నంలోకి కాల్చిన చేప పెద్ద ముక్క దక్కేది. అప్పట్నించీ కన్నబాబుకి విశాఖపట్నమంటే సముద్రం మీంచి కనబడే ఊరే. వీధుల్లో నడుస్తుంటే దాని వీపు చూస్తున్నట్టుండేది.

మర్నాడు తెల్లారగానే ఆ మాట పక్కనబెట్టి బావని పడవెక్కించాడు. "పోయేముందు నాన్న రాళ్ళు సూపిత్తాను, రా." జీపీఎస్ వచ్చాక అందరిలాగే వేరే చోట్లకి వెళ్ళడం అలవాటై, ఆ దిబ్బ మొహం చూసి ఏళ్ళయింది. దీపస్తంభం అంచుకొచ్చింది. కైలాసగిరి ఉంది. నొక్కు ఉండాల్సిన చోట అపార్ట్‌మెంట్లు బారులు తీరి నిలబడ్డాయి. గాలం వేస్తే సీసపు గుండు బురదలో దిగబడింది. కాస్త జరిగి వేస్తే మళ్ళీ బురదే.

"నీకిక్కడ మాత్రం కొండేది బావా?" అన్నాడు దుర్గారావు.

వెటకారానికే అన్నాడు. కన్నబాబు మాత్రం గాలం పైకి లాగి పడవని ఇంకో పక్కకి తిప్పాడు.

ఎండ నెత్తికెక్కాక సీసపు గుండు రాతికి తగిలి చేతిలో తాడు అదిరింది. ఎర్రెర్రగా గులివింద చేపలు పైకొచ్చాయి. కన్నబాబు వాటిని వదిలేసి ఒడ్డుకేసి చూశాడు. కైలాసగిరి భుజం మీద కొత్త మేడ ఒకటి, దాని నెత్తిన నీళ్ళ ట్యాంకు.

"ఇకమీదట ఇదే గుర్తు," అన్నాడు. గాలం తాడు చుడుతూ, "మీ సిన్న దీవిలో నీళ్ళ మీంచి ఏటేటి కనబడతాయి?"

"మసీదు మినారు, ఫోను టవరు."

"మాలే కాడ?"

"మేడలే. ఇంకా కడతానే ఉన్నారు."

"అయితే సిన్నదానికే వొత్తాం. మాలేలో గుర్తులు నిలవ్వు."

సాయంత్రం గంగాలమ్మతో అదే చెప్పి, "దిబ్బ సంగతి కోటికి సెప్పీసినాను," అన్నాడు. కోటి పక్క పడవవాడు. ఆ చోటు కనిపెట్టాలని ఒకప్పుడు వెంట వెంట తిరిగినవాడు.

"ఆడికా! ఏటన్నాడు?"

"నమ్మనేదు. ఇలాటియి ఎవుడైనా ఊరికినే సెప్తాడేటి, నన్ను బురదలోకి తోలతన్నావ్ అనీసి ఎల్పోనాడు."

గంగాలమ్మ గులివిందల్ని గంపలో సర్దుతూ తలెత్తలేదు.

"అయితే రేపు నువ్వే తీసికెల్లి సూపించు," అంది.